మణికట్టు పట్టే ఉస్తాద్

నేను అంగీ విప్పితే, యాడ ఎగిరిపోతనో అని జిమ్ముల ఫ్యాన్ బంద్ చేసేటోళ్లు. గద్వాలల ఆ జిమ్ము నడిపిన ఉస్తాద్‌ది ఒక్కటే అలవాటు. కొత్తగ ఎవరొచ్చినా ముందు మణికట్టు పట్టి చూసేటోడు, తర్వాత "మీ నాయినను తోల్కరా" అనేటోడు. అచ్చం పెండ్లిచూపులే!

వనపర్తిల బాడీబిల్డింగ్ పోటీలున్నయని నాకు కాలు నిలుస్తలేదు. కండలు పెంచే సూదిమందు తెచ్చి, "జర వెయ్యి ఉస్తాద్!" అన్న. ఆయన దాన్ని గుంజుకొని, "నాయినను తోల్కరమ్మంటి గద, ఏడి?" అన్నడు.

మగ్గం మీదికెల్లి నాయినను లేపి తోల్కపోయిన. ఉస్తాద్ ముందు నాయిన మణికట్టు పట్టిండు, తర్వాత నాది పట్టిండు, రెండూ ఒక్కతీరు సన్నగున్నయని నవ్విండు.

"నేను, నా దోస్తు ఒకటే మందు ఏసుకున్నం బేటా, ఒకటే తిండి తిన్నం. వాడు ఎద్దులెక్క తయారైండు, నేను దవాఖానల పడ్డ. ఒంట్ల ఉన్నదే పెరుగుతది. లేనిది సూది యాడికెల్లి తెస్తది?"

అనుకుంటనే మందంత మురికి మోరిల పోసిండు.

ఇంటికొచ్చే తొవ్వల నాయిన మీదికి లేచిన. "గీ బక్క ఎముకలు నీవల్లనే!"

నాయిన నింపాదిగ అన్నడు: "ఎముకలు నావే బిడ్డా, కాదంటలేను. నోరు మాత్రం మీ అమ్మ దిక్కుది. గది ఏ సూది లేకుండనే గింత పెరిగింది."