కుంగ్ ఫూ కథ చెప్పిన మధ్యాహ్నం

మా ఆయనకు మాటలు తక్కువ. పెళ్లయి పాల్వంచలో కంపెనీ క్వార్టరుకు కాపురానికి వచ్చిన మొదటి నెలలో ఆయన నాతో ఏమేం మాట్లాడారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఈ వారం ఏ షిఫ్టో, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో, తలుపు గడియ పెట్టుకొమ్మనో, అంతే. నేను సత్తుపల్లి వైపు పిల్లను. మా ఇంట్లో నలుగురు అక్కచెల్లెళ్లం. పొద్దున లేచింది మొదలు ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుకునేవాళ్లం. ఆ ఇంట్లోంచి వచ్చి ఈ క్వార్టరులో పడ్డాక, మధ్యాహ్నం పూట పక్కింటి రేడియో వినడానికి గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని.

ఆయన థర్మల్ స్టేషన్లో బొగ్గు బెల్టుల దగ్గర పని చేసేవారు. తిరుమలాయపాలెం దగ్గరి వ్యవసాయ కుటుంబం. ఒక్క కుంగ్ ఫూ సినిమాలంటే మాత్రం ప్రాణం. ఊళ్లోకి ఏ చైనా సినిమా వచ్చినా, షిఫ్టు మార్చుకునైనా చూసేవారు. చూసి ఊరుకోరు. పెరట్లో ఇనుప కమ్మీకి ఇసుక నింపిన గోనెసంచి వేలాడదీసి, డ్యూటీ నుంచి రాగానే దానితో కుస్తీ పట్టేవారు. ముఖంలో నవ్వు ఉండేది కాదు. పూజ చేసేటప్పుడు మా నాన్న ముఖం ఎలా ఉండేదో అలా ఉండేది.

కాలనీ ఆడవాళ్లు గోడ మీంచి చూసేవాళ్లు. ఒకరోజు పంపు దగ్గర ఒకావిడ, "మీ ఆయన సంచితోని కొట్లాడుతుండు గదా, ఎవరు గెలిసిన్రు?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ సాయంత్రం ఆయనతో, మీకు దణ్ణం పెడతాను, ఆ సంచి తీసెయ్యండి, తలెత్తుకోలేకపోతున్నానన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. మర్నాడు లేచి చూస్తే సంచి లేదు. ఇసుక కొత్తిమీర మడి చుట్టూ పోసి ఉంది.

ఆ తర్వాత ఆయన డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, మంచం మీద కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉండేవారు. నేను కోరిందే జరిగింది. అయినా ఆయన అలా కూర్చుని ఉంటే వంటింట్లోంచి ఇవతలికి రాబుద్ధి కాలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు షిఫ్టు నుంచి నేరుగా సినిమాకు వెళ్లి, ఆలస్యంగా ఇంటికొచ్చారు. అన్నం పెట్టాను. రెండో ముద్దకే పొలమారింది. మంచినీళ్లిచ్చి వీపు మీద తట్టాను. చూస్తే ఆయన నవ్వుతున్నారు. అన్నం పళ్లెం పక్కకు జరిపి, రెండు చేతులతో ముఖం కప్పుకుని నవ్వుతున్నారు. ఏమైందని అడిగితే చెప్పబోయి మళ్లీ నవ్వారు.

"చెప్తే రాదు. సూడాలె," అన్నారు చివరికి.

సినిమా పాల్వంచలో ఆ రోజుతో అయిపోయిందట. రీళ్ల డబ్బాలు భద్రాచలం హాలుకు పోతున్నాయట. ఎల్లుండి ఆయనకు ఆఫ్. "పోదామా?" అన్నారు. గుడికి పోదామంటున్నారనుకున్నాను. కొత్త చీర తీసి పెట్టుకున్నాను.

బస్సు గోదావరి వంతెన దాటింది. దిగగానే నేను గుడి వైపు తిరిగాను. ఆయన నా మోచెయ్యి పట్టుకుని, ముందు సినిమా, తర్వాత దర్శనం అన్నారు. దేవుడి ఊరికొచ్చి ముందు సినిమాకు పోవడమేమిటని గొణిగాను. అయినా వెనకే నడిచాను.

అది రేకుల కప్పు హాలు. లోపల ఉడికిపోతోంది. ఆ రోజు సంత. అడవి ఊళ్ల నుంచి చింతపండు, చీపుర్లు తెచ్చి అమ్ముకున్నవాళ్లు బస్సుకు ఇంకా టైముందని లోపలికొచ్చి కూర్చున్నారు. మా బెంచీలోనే ఒక కోయ ముసలమ్మ, ఆమె కోడళ్లిద్దరు. దాదాపు ఖాళీ అయిన గంపలు ఒళ్లో పెట్టుకున్నారు.

సినిమా మొదలైంది. మాటలన్నీ ఇంగ్లీషు. తెర మీద ఒక బక్కపల్చని శిష్యుడు కొండెక్కి గురువు దగ్గరికొచ్చాడు. గురువు నిద్రపోతున్నాడు. శిష్యుడు ఏదో అడిగాడు, గురువు నిద్రలోనే వాణ్ణి తన్నాడు. ముసలమ్మ మా ఆయన వైపు వంగింది.

"ఏంది బాబూ, గా ముసలోడు గట్ల ఎందుకు తన్నిండు?"

ఆయన నా వంక చూశారు. తర్వాత ఆమె వైపు తిరిగి, నెమ్మదిగా, "వాడు ఇద్దె నేర్పుమని వచ్చిండు అవ్వా. నేర్పుడు మొదలు పెట్టిండు ఆయన," అన్నారు.

ముసలమ్మ ఆ మాటను కోడళ్లకు వాళ్ల భాషలో చెప్పింది. కోడళ్లు కిసుక్కుమన్నారు. ముందు బెంచీ వాళ్లు ఏంది ఏందని వెనక్కి తిరిగారు. ఆయన మళ్లీ చెప్పవలసి వచ్చింది, ఈసారి కొంచెం గట్టిగా.

ఇక ఆగలేదు. గురువు పులిలాగా, పాములాగా, కొంగలాగా ఎలా కొట్లాడాలో చూపిస్తుంటే, శిష్యుడు ఏది నేర్చుకోబోయినా బాతులాగా వస్తోంది. "పులి నీకు రాదురా, నువ్ పుట్టుడే బాతు పుట్టుక పుట్టినవ్ అంటుండు గురువు," అని మా ఆయన గురువు గొంతుతోనే చెప్పారు. శత్రువులు ఇరవైమంది కత్తులతో వచ్చి చుట్టూ నిలబడితే, శిష్యుడు చేతులు చూపించి ఆగమని, గిన్నెలో మిగిలిన సేమ్యా లాంటిదేదో తింటూ కూర్చున్నాడు. వాళ్లు నిలబడి చూస్తున్నారు. "అమ్మ చేసి పంపింది, పారేస్తే పాపం తగుల్తది, రెండు నిమిషాలు ఆగున్రి అంటుండు," అన్నారు. తెర మీద వాడు నిజంగా ఏమన్నాడో దేవుడికెరుక. మా ఆయనకు కూడా ఇంగ్లీషు అంతంత మాత్రమే. అన్నీ ఆయనే కల్పిస్తున్నారని సగం సినిమాకు నాకు తెలిసిపోయింది.

ఒకచోట శిష్యుడు ఇసుక సంచిని బలంగా తన్నాడు. అది ఊగి వచ్చి వాణ్ణే వెల్లకిలా పడేసింది. హాలంతా ఘొల్లుమంది. నాకు మాత్రం మా పెరట్లో సంచి గుర్తొచ్చింది. ఆయన వైపు చూడలేకపోయాను. ఆయనే నా వైపు వంగి, "నాకు గూడ గట్లనే తాకింది ఒకసారి. నువ్ లేనప్పుడు," అన్నారు, ఎవరికీ వినపడకుండా. నేను ఎంత నవ్వానంటే పక్కన ముసలమ్మ నా భుజం పట్టుకుని ఊపింది. నవ్వుతూనే ఆయన చేతి మీద చెయ్యి వేశాను. నలుగురిలో అలా వెయ్యడం అదే మొదలు.

నేను చూసింది సగం తెరను, సగం ఆయనను. ఈ మనిషి దగ్గర ఇన్ని గొంతులున్నాయా, ఇన్ని మాటలున్నాయా అనుకున్నాను. ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నారు?

సినిమా అయిపోయాక ముసలమ్మ ఆయన తలమీద చెయ్యి పెట్టి ఏదో అంది. మాకు అర్థం కాలేదు. గంపలోంచి పిడికెడు తునికి పళ్లు తీసి నా కొంగులో పోసింది. మేము గుడికి వెళ్లి దర్శనం చేసుకుని ఆఖరి బస్సుకు ముందు బస్సు పట్టుకున్నాం. బస్సులో ఆయన మామూలు మనిషి అయిపోయారు. తునికి పళ్లు తింటూ, కిటికీలోంచి అడవిని చూస్తూ కూర్చున్నారు. ఇంకా ఏదైనా చెప్పండి అని అడుగుదామనుకున్నాను. అలసిపోయారులే, రేపు అడగవచ్చనుకున్నాను.

పిల్లలు పుట్టారు. కాలనీకి టీవీలు వచ్చాయి. ఆయన పిల్లలను ఎత్తుకునేవారు, స్కూలుకు దింపేవారు, నాకు జ్వరమొస్తే రాత్రంతా మేలుకునేవారు. మంచి మనిషి. కానీ ఆ హాల్లో మాట్లాడినట్టు మళ్లీ మాట్లాడలేదు. ఒకటి రెండుసార్లు నేనే, ఆ బాతు కథ పిల్లలకు చెప్పండి అన్నాను. "అది సూసుకుంట చెప్పాలె," అన్నారు.

పధ్నాలుగేళ్ల కాపురం మాది. ఒక ఎండాకాలం డ్యూటీలో ఛాతీ పట్టుకుని కూర్చున్నారట. ఖమ్మం దవాఖానాకు తీసుకుపోతుండగా దారిలోనే పోయారు.

ఏడాది తిరిగాక, క్వార్టరు ఖాళీ చేసే ముందు, బస్టాండు దగ్గరి వీడియో కేసెట్ల షాపుకు వెళ్లాను. కుంగ్ ఫూ సినిమా, నవ్వు వచ్చేది కావాలన్నాను. షాపతను పేరేందమ్మా అని అడిగాడు. ఆ సినిమా పేరు నాకు తెలియదు. ఏ రోజూ ఆయనను అడగలేదు. కథ కొంచెం చెప్పాను. అతను మూడు కేసెట్లు తీసి ఇచ్చాడు. పిల్లలతో కలిసి మూడూ చూశాను. పిల్లలు పడీపడీ నవ్వారు. మూడింటిలో ఏదీ అది కాదు. నాకైతే అన్నీ మాటలు లేని సినిమాల్లాగే అనిపించాయి.

కేసెట్లు తిరిగి ఇవ్వబోతే షాపతను, వచ్చే ఆదివారం కొత్తవి వస్తాయి, మళ్లీ రమ్మన్నాడు. వస్తానన్నాను. ఆ ఆదివారం సామాను సర్దుకుంటూ ఇంట్లోనే ఉండిపోయాను.