గేటు దగ్గర ఎత్తిన చేతులు

అక్షరాలు వచ్చాక కూడా చాలాకాలం దీన్ని రాయలేదు. పొదుపు సంఘం వాళ్ళు సాయంత్రాలు నేర్పించిన చదువుతో బస్సు బోర్డులు చదివాను, పిల్లల పేర్లు రాశాను, ఆసుపత్రి చీటీలో నా పేరు పోల్చుకున్నాను. ఇది మాత్రం మొదలుపెట్టినప్పుడల్లా పెన్ను పక్కన పెట్టేసేదాన్ని. రాయాలంటే మళ్ళీ ఆ గేటు దగ్గర నిలబడాలి.

ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేశాను. పెళ్ళయిన కొత్తలో చేరి, మిల్లు మూతపడేదాకా అక్కడే ఉన్నాను. పత్తిలో చెత్త, పుచ్చు ఏరడం ఆడవాళ్ళ పని. సాయంత్రం సైరను మోగాక గేటు దగ్గర వరుసలో నిలబడేవాళ్ళం. గుప్పెడు దూది దాచుకుని పోతామేమోనని ఒక్కొక్కరినీ తడిమి చూసేవాళ్ళు. మగవాళ్ళకు జేబులు చూస్తే సరిపోయేది. మేము కొప్పు విప్పాలి, చీర దులపాలి, రెండు చేతులూ పైకెత్తి నిలబడాలి. అప్పుడు ఒకామె రవికె మీద, నడుము చుట్టూ చేతులు పోనిచ్చేది. ఆమె మా పేట మనిషే. మాతోపాటు పత్తి ఏరినదే. లోపలి దుమ్ముకు దగ్గు పట్టుకుంటే గేటుకు మార్చారు.

మొదట్లో ఇంటికి పోయి ఏడ్చేదాన్ని. కొన్నాళ్ళకు ఏడుపు రాలేదు. ఇంకొన్నాళ్ళకు, ముందున్న మనిషిని తడుముతుంటే వెనక నిలబడి నవ్వేవాళ్ళలో నేనూ ఉన్నాను.

“బాగా సూడు మే, కొప్పులో పత్తి బేలు పెట్టుకోని పోతాంది.”

“నీది సవరమే గదా, దాంట్లో రెండు బేళ్ళు పడతాయిలే.”

కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ మాకంటే గట్టిగా నవ్వేవాడు.

ఆమెను మేమూ మనిషిగా ఉంచలేదు. అక్కా, వదినా అని వరుస పెట్టి పిలవడం మానేసి ‘గేటామె’ అన్నాం. కుళాయి దగ్గరకు వస్తే బిందెలు పక్కకు లాక్కునేవాళ్ళం. మధ్యాహ్నం ఆమె ఒక్కతే గోడవైపు తిరిగి అన్నం తినేది. మిల్లు సేటును ఏమీ అనలేని నోళ్ళన్నీ ఆమె మీదే పడేవి.

మిల్లు మూసినరోజు ఆమెనూ మమ్మల్నీ కలిపే పొమ్మన్నారు. నా ఒళ్ళు మాత్రం అక్కడే ఉండిపోయింది. వెనక నుంచి ఎవరి చెయ్యి తగిలినా నా చేతులు వాటంతటవే పైకి లేచేవి. మా ఆయన ఎందుకని అడిగేవాడు కాదు. అటు తిరిగి పడుకునేవాడు.

ఆయన పోయాక కూతురు నన్ను ఎమ్మిగనూరుకు తీసుకుపోయింది. ఒకరోజు జొన్నరొట్టె తిప్పుతుంటే మనవరాలు పరుగెత్తుకొచ్చి వెనక నుంచి నడుము పట్టుకుంది. రొట్టె వదిలేసి చేతులెత్తేశాను. పిల్లకు అది ఆటయింది. ఇంటికి ఎవరొచ్చినా, “సూడండి, మా అవ్వను ముట్టుకుంటే ఏం సేస్తాదో” అని వచ్చి పట్టుకునేది. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు.

“ఎందుకమ్మా అట్ల సేస్తావు?” అని కూతురు అడిగింది.

అమ్మ మిల్లులో పత్తి ఏరిందని దానికి తెలుసు. గేటు సంగతి ఎన్నడూ చెప్పలేదు. మోకాళ్ళకు ఆదోని డాక్టరే నయమని చెప్పి బస్సెక్కి వచ్చేశాను.

అద్దెకు దొరికిన గది గేటామె గదికి పక్కదని సామాను దించాకే తెలిసింది. ఏడాదికి పైగా గోడకు ఆ పక్క ఆమె దగ్గు వింటూ బతికాను. మాటల్లేవు. పొద్దున ఒకరి తలుపు చప్పుడైతే, ఆ అడుగులు దూరమయ్యేదాకా రెండోవాళ్ళం లోపలే ఆగేవాళ్ళం. నాతో ఎవరూ మాట్లాడకుండానే పొద్దుగూకిన రోజులు చాలా ఉన్నాయి. ఆమెకూ అంతే అయ్యుంటుంది.

మొన్న చలికాలంలో ఒక సాయంత్రం ఆమే నా తలుపు కొట్టింది. కుడి భుజం పట్టేసింది, చెయ్యి లేవడం లేదు. స్నానం లేక, కొన్నిరోజులుగా ఒకటే రవికెతో ఉంది. వీధిలో ఒకామెను సాయమడిగితే, “ఊరందరి రవికెలు తడిమినదానివి, నీది నువ్వు తొడుక్కోలేవా?” అందట.

“నువ్వు గూడా ఆ మాట అంటావని తెలుసు మే,” అంది. “అనుకో. అని, రవికె మార్చు.”

నేను అనలేదు. లోపలికి రమ్మనీ అనలేదు. ఆమె చేతులు చూస్తుంటేనే నా నడుము బిగుసుకుంది.

“పొద్దుపోయింది, పో,” అన్నాను.

“మీరు సేతులెత్తి, ఇంటికి పోతాంటిరి. నేను అందర్నీ తడిమినాను. ఇంటికి పోయి నా కొడుకును ఎత్తుకుందామంటే సేతులు వచ్చేటివి కాదు. వాడు నా కాడికి రావడమే మానుకున్యాడు,” అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి గోడవతల దగ్గు వినబడకపోతే లేచి కూర్చున్నాను. వినబడ్డాక పడుకున్నాను.

తెల్లారి నీళ్ళు కాచి పట్టుకుపోయాను. తలుపు తీసి, అడ్డం తొలగకుండా చూసింది.

“ముట్టుకుంటా, సరేనా?” అన్నాను.

అన్నాళ్ళ మిల్లు పనిలో ఎవరూ ఎవరినీ అడగని మాట అది. ఆమె తలూపి పక్కకు జరిగింది. బాగున్న చెయ్యి వైపు నుంచి రవికె విప్పాను. వీపు మీద నా చెయ్యి పడగానే బెదిరింది. ఆగాను.

“కానీ మే, నీళ్ళు సల్లారిపోతాయి,” అంది.

ఒళ్ళు తుడిచి, ఉతికిన రవికెను ముందు నొప్పి చేతికి ఎక్కించి, తర్వాత రెండో చేతికి తొడిగాను. హుక్కులు పెట్టడానికి చాలాసేపు పట్టింది. తల దువ్వాలా అని అడిగాను.

“అది రేపు సూద్దాంలే. కూసో, టీ పెడతా. డబ్బా మూత నువ్వు తియ్యాల,” అంది.

టీ తాగి, ఆమె విడిచిన రవికె తెచ్చుకుని నా బట్టలతోపాటు బకెట్లో నానబెట్టాను.