దరూద్ లేని తెల్లవారుజాము

తిరుపతిలో మా అద్దె ఇంటి వెనక మసీదులో మైకు వేయగానే కీచుమని ఒక శబ్దం వస్తుంది. ఆ వెంటనే అజాన్ మొదలవుతుంది, నడుమ ఏమీ ఉండదు. ఇక్కడికి వచ్చి ఇన్నేళ్లయినా ఆ మొదటి మాటకు నా గుండె గుభేల్మంటుంది. చేతిలో పాలగిన్నె ఉంటే ఒలికిపోతుంది కూడా. నవ్వేవాళ్లు నవ్వుకోండి. నేను చిత్తూరులో మస్తాన్ తాత అజాన్ విని పెరిగినదాన్ని.

తాత మా వీధి మసీదులో మోజన్, అంటే నమాజుకు పిలుపునిచ్చే మనిషి. మాకు బంధువేమీ కాడు, నాకు ఖురాన్ చదవడం నేర్పిన గురువు. అజాన్‌కు ముందు ప్రవక్తకు దీవెనలు కోరుతూ దరూద్ చదివేవాడు. అది అయ్యాక మైకు నుంచి ఒకడుగు వెనక్కి జరిగి, గొంతు సవరించుకుని, మళ్లీ ముందుకొచ్చి అజాన్ ఎత్తుకునేవాడు. ఎందుకలా అని ఒకసారి అడిగాను. "దరూద్ నా ముచ్చట మే. అజాన్ నాకు అప్పగించిన సొత్తు. రెండూ కలిపేస్తే తప్పు గదా" అన్నాడు. ఆ దరూద్‌కే మా వీధి నిద్ర లేచేది. ఎదురింటి కుప్పమ్మక్క ఇడ్లీ పొయ్యి వెలిగించేది కూడా అప్పుడే.

కొన్నాళ్లకు, బయట మతవిద్య చదువుకుని వచ్చిన యువకులు కొందరు, ప్రవక్త కాలంలో లేనిదాన్ని అజాన్‌కు ముందు చేర్చకూడదన్నారు. ప్రవక్త మీద ప్రేమ చూపితే తప్పేమిటని మా నాయన లాంటివాళ్లు లేచారు. మాటా మాటా పెరిగింది. శుక్రవారం నమాజు దగ్గర తేల్చుకుందాం, తేలకపోతే వేరే మసీదు కట్టుకుంటాం అనేదాకా వచ్చింది. సొంత అన్నదమ్ములు సలాం చెప్పుకోవడం మానేశారు. తాత మావైపేనని నాకు ధీమా.

ఆ శుక్రవారం తెల్లవారుజామున మైకు కీచుమంది. నేరుగా అజాన్! పక్కలోంచి దిగ్గున లేచాను. ఆ గొంతు తాతదో కాదో కూడా తెలియలేదు. తలుపు తీస్తే వీధంతా బయటే ఉంది. "మోజన్ సాబుకి ఏమన్నా అయిపోయినాదా మే?" అంది కుప్పమ్మక్క, ఏడుపు గొంతుతో. నాయనా నేనూ పరుగెత్తాం.

తాత మసీదు గడప దగ్గర నిక్షేపంలా నిలబడి ఉన్నాడు.

"ఎవురు ఆపమన్నారు మామా నిన్ను?" నాయన అరిచాడు.

"ఎవురూ అనలేదప్పా. నేనే ఆపినాను."

"అంటే తప్పని ఒప్పుకున్నట్టేనా తాతా?" అన్నాడు అవతలివాళ్లలో ఒకడు.

"అది తప్పని నేననలేదు. దాని కోసరం మసీదు రెండైతే మాత్రం తప్పే. అజాన్ విన్నాక దరూద్ చదువుకోమని మీరూ అంటారు, వీళ్లూ అంటారు. అందరం అప్పుడే చదువుకుందాం, ఎవురి నోట్లో వాళ్లు."

నాయన గడప మీద కూలబడ్డాడు. దెబ్బలాటకు సిద్ధమై వచ్చిన ఆ అబ్బాయి తల వంచుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ప్రాణంగా చూసుకున్నదాన్ని ఇంత తేలిగ్గా వదిలేస్తాడా? నిలదీద్దామని దగ్గరికి వెళ్లాను. తాత గడ్డం కన్నీళ్లతో తడిసి ఉంది.

తాత పోయి చాలాకాలమైంది. చిత్తూరులో మా వీధి మసీదు ఇప్పటికీ ఒకటే. ఏది సబబో తేల్చే చదువు నాకు లేదు. ఇక్కడ అజాన్ ముగిశాక పాలగిన్నె పక్కన పెట్టి, ఒకడుగు వెనక్కి జరిగి, దరూద్ చదువుకుంటాను. గొంతెత్తి చదవాలని ఎంత అనిపించినా, పెదవి దాటనివ్వను.