ఆగకూడని ఓడ

మా పక్కింటి తాతగారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున నేను ఆఫీసుకి కారు తీస్తుంటే వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. ఆవిడకే డెబ్బై దాటాయి. వారానికోసారి జీలాంగ్ నుంచి వచ్చి తండ్రిని చూసుకుని వెళ్లేది. "నాన్న నిద్రలోనే వెళ్లిపోయారమ్మా. ఆస్పత్రివాళ్లు ఇప్పుడే చెప్పారు. మావాళ్లందరికంటే ముందు నీకే చెబుతున్నా" అంది. నేనేదో అన్నాను, ఏమన్నానో గుర్తులేదు. ఆ రోజు ఇక ఆఫీసుకి వెళ్లలేదు.

ఆయన తెలుగువారు కాదు. ఇంగ్లండ్‌లో ఏదో రేవు ఊళ్లో పుట్టి, రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఓడెక్కి ఇక్కడికొచ్చి స్థిరపడ్డ మనిషి. ఈ పత్రిక చదివే మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండరు. అయినా ఆయన గురించి తెలుగులోనే రాయాలనిపిస్తోంది. ఆయన నాతో మాట్లాడినవన్నీ ఇంగ్లీషు మాటలే, నాకు మాత్రం అవి తెలుగులోనే గుర్తుండిపోయాయి.

వెర్రిబీలో ఈ ఇంట్లో దిగిన కొత్తలో పులిహోర గిన్నె పట్టుకుని వెళ్లి, మనకున్న అలవాటు కొద్దీ "హలో అంకుల్" అన్నాను. ఆయన గుమ్మంలో వాకర్ పట్టుకుని నిలబడి నన్ను ఎగాదిగా చూసి, "నాకు అన్నదమ్ములు లేరే, నువ్వెక్కణ్ణుంచి వచ్చావు?" అన్నారు. మా అమ్మాయి మర్నాటికల్లా, ఇక్కడి పిల్లలు తాతని పిలిచినట్టు 'పాప్' అనేసింది. నేను 'తాతగారూ' అనడం మొదలుపెట్టాను. పులిహోర తిని కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "ఇది మా ఓడలో ఉండుంటే కాపలావాళ్లెవరూ కునుకు తీసేవారు కాదు" అన్నారు. ఓడ అనగానే నా గుండె ఝల్లుమంది.

ఎందుకంటే మావారు సరుకు ఓడల్లో సెకండ్ ఆఫీసరు. కొన్ని నెలలు నీళ్లమీద, కొన్ని నెలలు ఇంట్లో. నాది భీమిలి. సముద్రం పక్కన పుట్టిందానివి, నీకు భయమేమిటని అందరూ అంటారు. సముద్రం పక్కన పుట్టాను కాబట్టే నాకు భయం. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. ఈ పిరికితనాన్ని చూసి నవ్వనివారు నాకు ఈ దేశంలో ఒక్కరే దొరికారు.

తాతగారింట్లో ఏ గది తలుపూ మూసి ఉండేది కాదు. ప్రతి తలుపునీ వెనక్కి తోసి గోడకున్న ఇత్తడి కొక్కేనికి తగిలించేవారు. బాత్రూముకైతే కర్టెనే. గాలికి కొట్టుకోకుండానా అని అడిగాను. "కాదు. టార్పెడో తగిలితే ఓడ వంకర తిరుగుతుంది. వంకర తిరిగితే మూసిన తలుపు బిగుసుకుపోతుంది. లోపలున్నవాడు లోపలే" అన్నారు, టీలోకి డబ్బాపాలు ఒంపుకుంటూ. వెర్రిబీలో టార్పెడో ఎక్కడిదని అనలేకపోయాను. ఇంటికొచ్చి మా తలుపులన్నీ బార్లా తీశాను. మా అమ్మాయి "ప్రైవసీ, అమ్మా!" అని ఒకటే గోల.

ఆ రోజుల్లో అట్లాంటిక్ దాటే సరుకు ఓడలు విడివిడిగా వెళ్తే జలాంతర్గాములు ముంచేసేవట. అందుకని బోలెడు ఓడలు బారులు తీరి, చుట్టూ నేవీ ఓడలు కాపలా కాస్తుంటే, అన్నిట్లోకీ నెమ్మదైన ఓడ ఎంత పోగలిగితే అంతే వేగంతో పోయేవి. గోధుమలు, పెట్రోలు, మాంసం డబ్బాలు. తాతగారు మీసాలైనా సరిగా రాని వయసులో ఆ ఓడల్లో చేరారు. పని, పైన నిలబడి నీళ్లమీద కన్నేసి ఉంచడం. "నన్నే ఎందుకు నిలబెట్టేవారో తెలుసా? అందరిలోకీ నాకే ఎక్కువ భయం. భయపడేవాడి కళ్లు బాగా పనిచేస్తాయి" అనేవారు.

ఎర్ర సముద్రంలో సరుకు ఓడల మీద డ్రోన్లు పడుతున్న రోజుల్లో మావారు ఫోన్ చేసి, తమ ఓడ అటే వెళ్తోందని చెప్పారు. "దిగిపోతానంటే దిగిపోవచ్చు. కానీ నా బదులు ఇంకో కుర్రాణ్ణి ఎక్కిస్తారు. వాడికి మొన్ననే పెళ్లయింది. నేనే ఉంటాన్లే" అన్నారు. నేను వద్దని ఏడ్చాను. ఆయన విన్నారు, ఒప్పుకోలేదు. మా అత్తగారు, గుళ్లో కలిసేవాళ్లు, ఆఫీసులో పక్క సీటావిడ, అందరిదీ ఒకటే మాట: "ఏం కాదు." ఎలా చెబుతారండీ అంత ధైర్యంగా? ఓడలో ఉన్నది వాళ్లవాళ్లు కాదు కదా.

ఆ సాయంత్రం వీధివైపు కిటికీలో అఖండ దీపం పెట్టాను, ఆయన బయటపడేదాకా ఆరనివ్వకూడదని. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు, తలుపు చప్పుడైంది. తాతగారు. ఎప్పుడూ ఫోన్ చెయ్యకుండా రాని మనిషి వాకర్ మీద వాలిపోయి ఆయాసపడుతున్నారు. "అమ్మాయ్, నీ దీపం బయటికి కనిపిస్తోంది" అన్నారు. దేవుడి దీపమని చెప్పబోయాను. "దేవుడు లోపలైనా చూస్తాడు. బయటున్నవాడి కంట పడనివ్వకు" అన్నారు. దీపం తీసి వంటింట్లో దేవుడి అర మీద పెట్టి, కర్టెన్లు లాగి వచ్చేదాకా ఆయన కూర్చోలేదు. ఇన్నేళ్లయినా పోని భయం ఒకటి ఉంటుందని నాకప్పుడు తెలిసింది. నా భయం కూడా అలా నాతోనే ముసలిదవుతుందేమో అనిపించింది.

మావారి ఓడ ఎక్కడుందో ఫోన్‌లో చూపించే యాప్ ఒకటుంది. నీలం నీళ్లమీద చిన్న చుక్క. ఆ చుక్కే నాకు మావారు. శనివారం మధ్యాహ్నం మా అమ్మాయి నా గదిలోకి వచ్చి, "అమ్మా, ది డాట్ ఈజ్ గాన్" అంది. చూస్తే నిజంగానే లేదు. ఉత్త నీళ్లు. కాళ్లకి చెప్పులైనా లేకుండా పక్కింటికి పరిగెత్తాను.

తాతగారు ఫోన్ తీసుకుని భూతద్దం పెట్టి చూశారు. "ఎక్కడ మాయమైంది? సముద్రం సన్నబడే ఈ ఇరుకు దగ్గరికి రాకముందేనా?"

"అవును."

"అయితే మీ కెప్టెన్ బుద్ధిమంతుడు. దీపాలార్పేశాడు" అన్నారు. ఆ చుక్క కూడా ఒక దీపమేనని, మనకి కనిపించేది డ్రోన్లు వేసేవాళ్లకీ కనిపిస్తుందని, తమ ఓడల్లో బయట నిలబడి సిగరెట్టైనా వెలిగించనిచ్చేవారు కాదని చెప్పారు. తర్వాత మావారి కంపెనీకి ఫోన్ చేస్తే అదే మాటన్నారు, ఇరుకు దాటేదాకా సిగ్నల్ ఆపేశారని. అప్పటికి మాత్రం నాకు ఏ మాటా తలకెక్కలేదు. "ఏం కాదని చెప్పండి తాతగారూ" అని బతిమాలాను.

"అది నాకు తెలియదు. తెలియంది చెప్పను" అన్నారు.

అంత భయంలోనూ ఆ మాటకే నాకు ఊపిరి అందింది. నాతోపాటు భయపడుతున్న మనిషి ఒకరున్నారు. "భయాన్ని ఊరికే కూర్చోబెట్టకు, దానికో పని అప్పజెప్పు" అని నాకూ, నా వెనకే వచ్చిన మా అమ్మాయికీ, తనకీ డ్యూటీలు వేశారు. ఒకరు ఫోన్ చూడాలి, మిగతావాళ్లు పడుకోవాలి, తర్వాత ఇంకొకరు. చూసేవాళ్లు మాట్లాడకూడదు, పడుకున్నవాళ్లు లేచి అడగకూడదు. ఆయన వంతు వచ్చినప్పుడు నేను ఆయన సోఫాలో ఒరిగి, కళ్లు సగం తెరిచి చూస్తూ ఉన్నాను. నూరేళ్లకి దగ్గరపడ్డ మనిషి, టీ తాగుతూనే కునికిపాట్లు పడే మనిషి, వెన్ను నిటారుగా పెట్టి భూతద్దంలోంచి ఆ ఖాళీ నీళ్లకేసి రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. నేను నిజంగానే నిద్రపోయాను. అలా మర్నాడు కూడా వంతులు వేసుకున్నాం. సాయంత్రం నా భుజం తట్టి, "ఓడ. పైన, కాస్త ఎడమకి" అన్నారు. చుక్క ఇరుకు దాటి అవతల ఉంది. మా అమ్మాయి ఆయన మెడకి చుట్టుకుపోయింది.

మావారు ఇంటికి వచ్చాక అంతా సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోలేదు. మనిషి ఇంట్లో ఉన్నారు, మాట లేదు. పెరట్లో మాంసం కాల్చుకునే బార్బీ పొయ్యి పెట్టి తాతగారిని పిలిచాం. నేను లోపల ఉల్లిపాయలు తరుగుతున్నాను, కిటికీ తెరిచే ఉంది. బయట మావారన్నారు, "మా ముందు పోతున్న ఓడకి తగిలింది. రేడియోలో పిలిచారు. చాలాసేపు పిలిచారు."

తాతగారు ఒక్కటే అడిగారు. "ఆగనిచ్చారా?"

"లేదు. ఫుల్ స్పీడ్‌లో పొమ్మని ఆర్డరు."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ మాట మావారు నాకు చెప్పలేదు. తాతగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. తమకీ అదే రూలని చెప్పారు. దెబ్బ తిన్న ఓడ కోసం ఏ ఓడా ఆగకూడదు. ఆగితే తర్వాత మునిగేది అదే. వెనకాల వచ్చే రక్షణ ఓడ ఉంటే అది తీసుకోవాలి. "మునిగిన ఓడలోవాళ్లు నీళ్లలో తేలుతూ మా ఓడ పక్కనుంచే పోయారు. లైఫ్‌జాకెట్లకుండే చిన్న ఎర్ర దీపాలు. మొదట సంతోషంతో కేకలు వేశారు, మేం తమ కోసమే వస్తున్నామనుకుని. తర్వాత కేకలు మారాయి. చూడటం నా డ్యూటీ, అందుకని చూస్తూనే ఉన్నాను. మా వెనక రక్షణ ఓడ ఉందో లేదో ఎవరూ చెప్పలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది. నువ్వు మాత్రం కనుక్కో. భయమేసినా కనుక్కో."

మావారు లేచి వెళ్లి అప్పటికప్పుడు ఎవరెవరికో ఫోన్లు చేశారు. పొద్దు వాలేవేళకి తెలిసింది, ఆ ఓడలోవాళ్లని నేవీవాళ్లు పడవల్లోంచి తీశారని. అంత గట్టి మనిషి బార్బీ పక్కన నిలబడి భోరుమన్నారు. తాతగారు ఆయన చెయ్యి వదలకుండా, "అందరినీనా?" అని అడిగారు. "అందరినీ." మళ్లీ, "అందరినీనా?" అన్నారు. ఆ తర్వాత కూడా మావారు కనిపించినప్పుడల్లా ఆ మాట అడిగేవారు, ప్రతిసారీ కొత్తగా విన్నట్టు తలాడించేవారు. మావారు ఒక్కసారైనా విసుక్కోలేదు. ఈ మనిషికి మనం రుణపడ్డాం అని నాతో అన్నారు, మళ్లీ ఓడెక్కే ముందు.

నేను తాతగారిని చివరగా చూసింది ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం, ఆస్పత్రిలో. అప్పటికి ఆయనకి మనుషులు ఆనవాలు చిక్కడం లేదు. మంచం పక్క కడ్డీని రెండు చేతులతో బిగించి పట్టుకుని, తల వంచి కింద నేలకేసి చూస్తున్నారు. వేళ్లు తెల్లగా పాలిపోయాయి. నర్సు విడిపించబోతే వదల్లేదు. "వాళ్లని తీశారా?" అన్నారు.

మావారు చూసిన ఓడ గురించి కాదు ఆయన అడుగుతున్నది. ఆ నేల ఆయనకి నేల కాదు, అట్లాంటిక్ నీళ్లు. నేనెంత ఏడ్చి అడిగినా తెలియని మాట చెప్పని మనిషి. ఆయనకి నేనేం చెప్పను? నాకేం తెలుసు? నాకు భయమేసింది. ఆ మాట తెలియకుండానే ఆయన వెళ్లిపోతారేమోనని అంతకంటే ఎక్కువ భయమేసింది. వంగి చెవి దగ్గర, "తీశారు తాతగారూ" అన్నాను.

"అందరినీనా?"

"అందరినీ. వెనకాల ఓడ వచ్చింది. పైకి లాగి దుప్పట్లు కప్పారు. వేడి టీ ఇచ్చారు."

ఇంకాసేపు ఆయన అలా నేలకేసి చూస్తూనే ఉన్నారు. తర్వాత ఒక్కో వేలూ కడ్డీని వదిలింది.