కాస్కేడ్ కథ చెబితే సాజ్ ఊఁ కొట్టింది

ఒక ఆడపిల్ల బీరు తయారు చేస్తుందని వింటే మీకు ముందుగా గుర్తొచ్చేది సారా బట్టీయేనా? అయితే ఆ తొందరపాటును కాసేపు పక్కన పెట్టండి. గుణదలలో మా పై వాటాలో ఉండే డయానా గురించి రాస్తున్నాను. ఆమె పని ఏమిటో తెలుసుకోకుండానే తీర్పు చెప్పినవాళ్ళను ఇప్పటికే చాలామందిని చూశాను. నాకిక ఓపిక లేదు.

డయానా మైక్రోబయాలజీ చదివింది. రెండేళ్ళ క్రితం బాల్కనీలో ఇరవై లీటర్ల డబ్బా పెట్టి తన మొదటి బీరు పులియబెట్టింది. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారు చేయడం నేరమని ఆమెకు చెప్పింది నేనే. చట్టం ప్రతి చేతిలో పెడితే ఆసాంతం చదివింది. మర్నాడు బీరంతా తూములో పారబోసి, కడిగిన డబ్బాను ఆటోలో వేసుకుని, బెంజ్ సర్కిల్ దగ్గర లైసెన్సు ఉన్న ఒక చిన్న బ్రూవరీకి వెళ్ళి ఉద్యోగం అడిగింది. యజమాని వెంకటకృష్ణారావు గారు ట్యాంకులు కడిగే పని ఇచ్చారు. ఆమె ఒక్కటే షరతు పెట్టింది: తన ఇంటి డబ్బాకు ఓ మూల చోటు కావాలి. ఆ తరువాత రెండేళ్ళపాటు పెద్ద ట్యాంకులు కడుగుతూ, తీరిక దొరికినప్పుడల్లా ఆ డబ్బాలోనే ప్రయోగాలు చేసింది.

ఈ ఫిబ్రవరిలో ఆయన ఒక మాట ఇచ్చారు.

"శనివారం పదిమంది వచ్చి రుచి చూస్తారమ్మా. నీ బీరు నెగ్గిందనుకో, ట్యాప్ ఎక్కించి వచ్చినవాళ్ళకి అమ్మిస్తా, బోర్డు మీద నీ పేరు రాయిస్తా. నెగ్గలేదనుకో, ఇక ఆ డబ్బా ఇంటికి పట్టుకుపో. చోటు చాలటం లేదు."

డబ్బాలో పులియడం దాదాపు పూర్తయింది. మిగిలింది హాప్స్ వేయడమే. హాప్స్ అంటే ఒక తీగకు పూసే పువ్వులు. వాటిని వేడిగాలిలో ఆరబెట్టి, పొడి చేసి, పచ్చటి గుళికలుగా ఒత్తి పంపుతారు. పులిసిన బీరులో వాటిని మరిగించకుండా వేసి మూడు రోజులు ఉంచడాన్ని డ్రై హాపింగ్ అంటారు. చేదు పెద్దగా దిగదు కానీ వాసన మాత్రం నిండుగా దిగుతుంది. ఏ రకానికి ఏది జత అన్నదే అందులో విద్య. డయానా ఆరు నెలలు వెతికి జత కుదుర్చుకుంది: పంపరపనస వాసన వచ్చే సిట్రా, మామిడిపండును తలపించే మొజాయిక్. బ్రూవరీలో ఫ్రీజర్ పాడవడంతో ఆ ప్యాకెట్లను ఇంటికి తెచ్చి తమ ఫ్రిజ్‌లో దాచింది.

అక్కడే దెబ్బ తగిలింది. మేరీమాత ఉత్సవాలకు కంకిపాడు నుంచి చుట్టాలు వస్తున్నారని డయానా తల్లి మార్త గారు ఫ్రిజ్ ఖాళీ చేశారు. ఈ పేటలో పెళ్ళి వంటలకు మసాలా నూరాలంటే ఆమే నూరాలి. మందు వాసన సోకితే గుమ్మం దిగి వెళ్ళిపోయే మనిషి. కూతురు 'కూల్‌డ్రింకుల కంపెనీ'లో పని చేస్తోందని ఇరుగుపొరుగుకు చెప్పుకున్నారు కూడా.

మంగళవారం సాయంత్రం డయానా మేడ మీదికి వెళ్ళేసరికి పాత చీర మీద సిట్రా, మొజాయిక్ గుళికలు పలచగా పరిచి ఉన్నాయి.

"అమ్మా! ఏంటిది?"

"చెమ్మ వాసన కొడుతున్నాయే. పురుగు పడుతుందని రెండెండలు చూపించా. ఎండబెట్టకుండా ఎవరైనా డబ్బాలో పోస్తారా?"

మిరపకాయైనా ధనియాలైనా అంతే ఆమెకు. కానీ ఎండ తగిలిన హాప్స్‌లో ఉన్న పరిమళం ఎగిరిపోతుంది. డయానా గుప్పెడు తీసి నలిపి చూసింది. ఎండుగడ్డి వాసన వచ్చింది, దాని వెనకాలే పాతబడిన జున్ను వాసన. కొత్తవి బెంగళూరు నుంచి రావాలంటే నాలుగు రోజులు. బుధవారం వేస్తేనే శనివారానికి అందుతాయి.

అదే సమయంలో పక్క మేడ మీద నుంచి శౌరమ్మ గారి గొంతు వినిపించింది. "మార్తా, మీ అమ్మాయిది కూల్‌డ్రింకుల కంపెనీ అంటావు, పండక్కి ఒక్క సీసా అయినా తెప్పించవేం?"

డయానా నవ్వలేదు, అరవనూ లేదు. కిందికి వచ్చి ఫ్రీజరులో ఐసు ట్రే అడుగున చెయ్యి పెట్టింది. తల్లి కంట పడని రెండు ప్యాకెట్లు అక్కడ గడ్డకట్టి ఉన్నాయి: కాస్కేడ్, సాజ్. రెండూ పాత రకాలే. ఎప్పుడో పరీక్షకు తెప్పించి పక్కన పెట్టినవి.

ఆ తరువాత వంటింటి గట్టు మీద జరిగినది నేను స్వయంగా చూశాను. ఐదు స్టీలు గ్లాసుల్లో చల్లటి నీళ్ళు పోసి, రెండు రకాల గుళికలనూ వేరువేరు పాళ్ళలో కలిపి, తల్లిని పిలిచింది.

"నేను ముట్టను," అన్నారు మార్త గారు.

"మంచినీళ్ళేనమ్మా. తాగొద్దు, వాసన చూసి చెప్పు. నీ ముక్కు నాకు లేదు."

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని ఒక్కో గ్లాసూ ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మూడోదాని దగ్గర మొహం చిట్లించారు. "ఇందులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారే. ఒకళ్ళు కథ చెప్పాలి, ఇంకోళ్ళు ఊఁ కొట్టాలి."

"కథ ఎవరు చెప్పాలి?"

"ఈ నారింజ తొక్క వాసనది చెప్పాలి." అది కాస్కేడ్. "మిరియం ఘాటు, మట్టి వాసన ఉన్నది ఊఁ కొడితే చాలు." అది సాజ్. చివరకు నాలుగో గ్లాసును ముందుకు తోశారు: కాస్కేడ్ రెండు పాళ్ళు, సాజ్ ఒక పాలు.

బుధవారం పొద్దున డయానా ఆ పాళ్ళలోనే డబ్బాలో వేసింది. శనివారం నేనూ వెళ్ళాను. పేర్లు లేని గ్లాసుల్లో నాలుగు రకాల బీర్లు పోశారు, అందులో ఆమెది ఒకటి. పదిమందిలో ఏడుగురు ఆమె గ్లాసునే ఎంచుకున్నారు. ఆ క్షణాన నా కళ్ళు తడిశాయని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

వెంకటకృష్ణారావు గారు బోర్డు తెప్పించారు. "మాట మాటేనమ్మా, నీ పేరు రాసుకో. పైన మాత్రం సిట్రా అని రాయి. ఇప్పుడు జనం అడిగేది అదే."

"ఇందులో సిట్రా లేదండీ."

"తాగేవాడికేం తెలుస్తుంది? రెండేళ్ళు ట్యాంకులు కడిగింది దీనికోసమేగా! ఒక్క మాటకి చెడగొట్టుకుంటావా?"

డయానా డబ్బా మూత మీద చెయ్యి వేసింది. "మందు ముట్టని మా అమ్మ, వాసన చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పిందండీ. తయారు చేసినదాన్ని నేను, లేనిది ఉందని ఎట్టా రాస్తాను? సిట్రా అనే రాయాలంటే నా పేరు తీసేయండి. డబ్బా కూడా ఇంటికి పట్టుకుపోతాను."

ఆయన గడ్డం గోక్కుని, ఉన్నదే రాయమన్నట్టు సుద్దముక్కల పెట్టె ఆమె వైపు జరిపారు. ఆమె వెంటనే రాయలేదు. ముందు ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, బోర్డు మీద నీ పేరు కూడా రాద్దామనుకుంటున్నా."

"ఫొటోలు తీస్తారా?"

"తీస్తారు."

"శౌరమ్మ చూస్తుంది."

"చూస్తుంది. వద్దంటే మానేస్తా."

"పెద్ద అక్షరాలతో రాయి. దానికి చత్వారం."

డయానా సుద్దముక్క అందుకుంది. కాస్కేడ్ రెండు పాళ్ళు, సాజ్ ఒక పాలు అని రాసింది. తయారీ డయానా అని రాసి, దాని కింద అంతకన్నా పెద్ద అక్షరాలతో, జత కుదిర్చినది మార్త, గుణదల అని రాసింది.