బదులుకు పోయిన ఆదివారం

జనగామ నుంచి మరిపెడ దగ్గరి ఊరి బడికి వచ్చాక, పదో తరగతికి సమయోజనీయ బంధం చెప్పడానికి మంచి పోలిక దొరికిందని మురిసిపోయాను. మిరప ఏరేటప్పుడు ఆ ఊళ్లో బదులు నడుస్తుంది. ఇవాళ మనం వాళ్ల చేలో పనిచేస్తే రేపు వాళ్లు మన చేలోకి వస్తారు. పరమాణువులు కూడా అంతే, తలా ఒక ఎలక్ట్రాన్ పెట్టుకుని పని గడుపుకుంటాయన్నాను.

ముందు బెంచీ అమ్మాయి లేచింది. "గట్లెట్ల టీచర్? ఎలక్ట్రాన్లు ఓ దినం ఈడ, ఓ దినం ఆడ ఉంటయా?"

"లేదు, నడుమనే ఉంటయి. ఎప్పుడూ ఇద్దరివీ."

"మరి గది బదులెట్లయితది!"

క్లాసంతా నవ్వింది. నా పోలిక అక్కడే విరిగింది కానీ, బంధం ఆ పిల్లకు అందరికంటే బాగా అర్థమైంది. మహబూబాబాద్‌లో ఆదివారం జరిగే సైన్స్ క్విజ్‌కు ఆమెనే ఎంపిక చేశాను.

శనివారం దిగులుగా వచ్చింది. "నేను రాను టీచర్. రేపు పక్కింటక్కోల్ల చేన్లకు బదులు పోవాలె. అమ్మకు జరమొచ్చింది. మనిషి పోకుంటే ఎల్లుండి ఆల్లు మా చేన్లకు రారు. కాయ రంగు పోయి తాలైతది."

"నీ తరఫున నేను పోత."

నన్ను పైనుంచి కిందికి చూసి, మర్యాదకు సరేనంది.

ఆదివారం లెక్కల టీచర్ ఆమెను బస్సెక్కించుకుని వెళ్లింది. నేను చేలో దిగాను. పక్కింటక్క కాసేపు చూసి, "టీచరమ్మా, కాయ తెంపమంటే కొమ్మలిరుస్తున్నవేంది?" అంది.

"బంధాలు కలుపుడే నాకొచ్చక్కా, తెంపుడు రాదు."

ఆమె నవ్వలేదు. మధ్యాహ్నం మరిచిపోయి మిరప చేత్తోనే కన్ను నులుముకున్నాను. బోర్డు మీద ఎలక్ట్రాన్లను చుక్కలుగా పెట్టే నాకు పట్టపగలే చుక్కలు కనిపించాయి. ఆమే నీళ్లతో కడిగి, కాసేపు గట్టు మీద కూర్చోబెట్టింది.

సాయంత్రానికి నా గంప సగమే నిండింది. అక్క అందులోకి చూసి మూతి తిప్పింది. ఈ సగం గంప బదులు కిందికి రాకపోతే, రేపు ఆ పిల్ల చేనుకు ఎవరూ రారు.

అంతలో అమ్మాయి బస్సు దిగి నేరుగా చేను దగ్గరికే వచ్చింది. చేతిలో రెండో బహుమతి కప్పు. దాన్ని చూపించడం కూడా మరిచి, "అక్కా, రేపు మా చేన్లకొస్తరా?" అని అడిగింది.

"ఎందుకు రాం బిడ్డా? మనిషైతే వచ్చింది గదా," అంది అక్క. నా వైపు చూసి గొంతు తగ్గించింది కానీ, నాకు వినపడేంతే తగ్గించింది. "గని మల్ల ఎప్పుడన్న పరీక్షుంటే ముందే చెప్పు. మనం ఇంకో దినం ఏరుకుందాం. ఈమెను మాత్రం తోలకు."