యారాలి బీమా

గంగామణికి పెళ్లై చాలా ఏళ్లైనా కడుపు పండలేదు. ఎల్లారెడ్డి దగ్గర భర్త రాములు వరి పండిస్తాడు, ఆమె బీడీలు చుడుతుంది. కామారెడ్డి డాక్టరమ్మ ఐవీఎఫ్ తప్ప దారి లేదని చెప్పిన రోజు, బస్సు ఊరు చేరేదాకా రాములు కిటికీలోంచి బయటికే చూశాడు. ఇంట్లో ఉన్న సర్కారు ఆరోగ్య కార్డుకు ఆ వైద్యం రాదు.

మరిది శ్రీకాంత్ హైదరాబాదులో కంపెనీ ఉద్యోగి. అతని భార్య, గంగామణికి యారాలైన త్రివేణికీ పిల్లల్లేరు. గంగామణికి ఇన్నాళ్లూ అదొక్కటే ఊరట. సీమంతాల పిలుపులు ఎట్లా తప్పించుకోవాలో చెప్పుకుని తోటికోడళ్లిద్దరూ నవ్వుకునేవాళ్లు. 2012లో ఆ కంపెనీ తన ఉద్యోగుల బీమాలో సంతానం కోసం చేసే చికిత్సనూ కలిపింది.

త్రివేణి ఫోనులో చెప్పగానే "మంచిదే గదా" అంది గంగామణి. ఆ పూట ఆమె చుట్టిన బీడీలన్నీ వదులయ్యాయి.

మొదటిసారి గర్భం నిలవలేదు. త్రివేణి ఏడుస్తూ ఎల్లారెడ్డికి వచ్చింది. ఆమె తల నిమురుతుంటే గంగామణి గుండెలో మంట చల్లబడింది. అలా చల్లబడినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

"ఇంకోసారికి గూడ బీమా ఒప్పుకుంటదటక్కా" అంది త్రివేణి కళ్లు తుడుచుకుంటూ.

నిమురుతున్న చేయి ఆగింది. ఓడిపోవడానికి కూడా దీనికి వీలుంది, నాకు ఒక్కసారికే దిక్కులేదు, అనుకుంది గంగామణి.

రెండోసారి నిలిచింది. ఆ కబురు వచ్చిన వారంలోనే ఎల్లారెడ్డిలో ఆరోగ్య కార్డుల మీద సభ జరిగింది. ఏయే జబ్బులకు ఉచితమో అధికారి చదివి, అడిగేదుంటే అడగమన్నాడు. నలుగురిలో ఎన్నడూ నోరెత్తని గంగామణి లేచింది.

"పిల్లలు కానోళ్లకు ఉన్నదా సారూ?"

"అది జబ్బు కిందికి రాదమ్మా."

"మా యారాలికైతే బీమా ఇచ్చిండ్రు గద. హైదరాబాదుల జబ్బైనది, ఎల్లారెడ్డికొస్తే కాకుంట పోతదా?"

మగవాళ్లు నవ్వారు. వెనక నుంచి విమలమ్మ అనే ముసలామె లేచింది. "నవ్వుడేంది? నా కోడలు గూడ ఇంట్ల కూసోని ఏడుస్తున్నది. రాసుకో సారూ."

అధికారి రాసుకున్నాడు. తర్వాత రాష్ట్రమే వేరైంది గానీ, ఆ మాట మాత్రం కార్డులోకి ఎక్కలేదు.

త్రివేణికి ఆడపిల్ల పుట్టింది. తొట్టెలో వేసే రోజు గంగామణి వెళ్లింది. బిడ్డను అందించబోతే చేతులు వెనక్కి తీసుకుంది.

"ఎత్తుకో అక్కా."

"ఎత్తుకుంటే మళ్ల నీకియ్య బుద్ధికాదు, త్రివేణీ. నిజం చెప్తున్న."

త్రివేణి బిడ్డను ఆమె ఒడిలో పెట్టి, చుట్టాలకు వడ్డించడానికి బయటికి వెళ్లిపోయింది.